ముసలాయనకి అన్నీ తెలుసు

ఈ మధ్య ఒక కొత్త రచయిత రాసిన తొలి నవల చదివాను, హారర్ నవల. వెన్నులో వణుకు పుడుతుందని అట్ట వెనక నలుగురైదుగురు పెద్దమనుషులు హామీ ఇచ్చారు. కథ మీకు తెలిసిందే. పొగమంచు కమ్మిన చిన్న పట్నం, పొలిమేర దాటగానే పోయే ఫోన్ సిగ్నల్, చవగ్గా దొరికిన పాత బంగళా, అందులో దిగిన కొత్త కాపురం. ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారని ఆ జంట ఎవరినీ అడగదు. అడిగితే నవలే లేదు కాబట్టి పోనీలే అనుకుందాం.

నా బాధంతా ముసలాయనతో.

ఇలాంటి ప్రతి నవలలోనూ ఒక ముసలాయన తప్పకుండా ఉంటాడు. ఇందులో పెట్రోల్ బంకు ముందు కూర్చున్నాడు. ఎవరు చచ్చారు, ఎలా చచ్చారు, చచ్చినవాళ్లు ఇంకా ఎందుకు తిరుగుతున్నారు, ఆయనకి అన్నీ తెలుసు. చెప్పడు. హీరో బంగళా పేరెత్తగానే ఆయన చేతిలో కప్పు వణుకుతుంది. "ఆ ఇంటి సంగతి అడక్కు బాబూ" అంటాడు. హీరో బుద్ధిమంతుడు, అడగడు. కొన్నాళ్లకి కుక్క చస్తుంది. హీరో పరిగెత్తుకొస్తాడు. "నేను అప్పుడే చెప్పాను" అంటాడు ముసలాయన. ఏం చెప్పావయ్యా? ఏమీ చెప్పందే! తర్వాత పిల్ల మాయమవుతుంది. "టైమొస్తే నీకే తెలుస్తుంది" అని ఆకాశంకేసి చూస్తాడు. ఇంకొన్ని పేజీలయ్యాక పెళ్లాం గోడ మీద బల్లిలా పాకుతూ ఉంటుంది. ఇప్పటికైనా టైమైందా అంటే, ఓ నిట్టూర్పు విడిచి, "ఇవాళ పొద్దుపోయింది. రేపు రా, మొత్తం చెప్తాను" అంటాడు.

ఆ మాట అన్నాడంటే ఆ రాత్రి గడవదని హీరోకి తప్ప మనందరికీ తెలుసు. తెల్లారేసరికి బావిలో తేలాడు. గుప్పిట్లో తడిసిన కాగితం, దాని మీద ఒకే ఒక్క అక్షరం. బతికుండగా పీనాసి, చచ్చాకా అంతే.

ఊరు ఊరంతా ఆయన తానులో ముక్కే. హీరో హోటల్లో అడుగుపెట్టగానే కబుర్లు ఆగిపోతాయి, స్పూన్లు గాల్లో నిలబడిపోతాయి. లైబ్రరీలో ఆమె చటుక్కున కిటికీ మూసేస్తుంది. అంత మూకుమ్మడి క్రమశిక్షణ సైన్యంలో కూడా ఉండదు.

చిన్న ఊరి మొహం చూసినవాడెవడైనా ఇలా రాస్తాడా? అక్కడ ఎవరి నోట్లో నువ్వుగింజ నానుతుంది? కొత్తవాడు సామాను దించేలోపే వాడి జీతం, వాడి అప్పు, అత్తారితో వాడికున్న గొడవ ఊరంతా పొక్కిపోతాయి. ఆ బంగళా సంగతి అడగనే అక్కర్లేదు, వద్దన్నా చెప్తారు. ఉరేసుకుంది వదినని ఒకరంటే, కాదు మరదలని ఇంకొకరు కొట్టిపారేస్తారు. నిజం ముసలాయనైతే హీరోకి కుర్చీ లాగి వేసి మూడు తరాల కిందటి నుంచి మొదలుపెడతాడు. అసలు హత్య దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతుంది. పారిపోవాల్సింది అప్పుడు హీరో!

భయపడాల్సింది ఊరి మౌనానికి కాదు, ఊరి నోటికి. అమెరికన్ రచయిత్రి షిర్లీ జాక్సన్‌కి ఇది తెలుసు. 1948లో అచ్చయిన 'ది లాటరీ' కథలో పొగమంచు లేదు, చక్కటి జూన్ ఎండ. జనం వానల గురించీ ట్రాక్టర్ల గురించీ పన్నుల గురించీ హాయిగా మాట్లాడుకుంటూ వచ్చి, లాటరీ తీసి, అది తగిలిన ఒకామెని రాళ్లతో కొట్టారు. అది చదివి, ఈ లాటరీ ఎక్కడ తీస్తారు, వెళ్లి చూడొచ్చా అని ఆమెకి ఉత్తరాలు రాసినవాళ్లున్నారు. పాఠకులూ ఊళ్లవాళ్లే కదా.

మన నవల ఆఖర్లో గుట్టు ఏమిటయ్యా అంటే, మూడొందల ఏళ్ల కిందట ఊరివాళ్లు తగలబెట్టిన మంత్రగత్తె పగబట్టిందట. ఆమె నిజంగానే మంత్రగత్తెట.

ఇక్కడ నాకు నవ్వు రాలేదు. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలన్న నెపంతో జనాన్ని విచారించినప్పుడు ఎవర్నీ తగలబెట్టలేదు, 19 మందిని ఉరితీశారు. ఫలానా ఆమె ఆకారం రాత్రి వచ్చి నన్ను పీక నొక్కిందని పక్కింటివాళ్లు చెప్తే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకుంది. ఆ ఊళ్లో నోరు విప్పని ముసలాయన కూడా ఒకడున్నాడు. గైల్స్ కోరీ, దాదాపు 80 ఏళ్లు. అంతకుముందు సొంత భార్య మీదే సాక్ష్యం చెప్పినవాడు. తన మీదికి వచ్చాక మాత్రం విచారణకి ఒప్పుకోనని భీష్మించాడు. నోరు తెరిపించడానికి మీద బండలు పేర్చారు. చచ్చిపోయాడు గానీ ఒప్పుకోలేదు. మౌనమంటే అదీ. పేజీలు నింపడానికి కప్పు వణికించడం కాదు.

సేలంలో చచ్చినవాళ్లలో ఒక్కరూ మంత్రగత్తె కాదు. వాళ్లు మామూలు మనుషులు, ఇరుగుపొరుగు కన్నుకుట్టిన మనుషులు. ఈ రచయితకి దెయ్యం కావాలి కాబట్టి ఆమెకి నిజం శక్తులు అంటగట్టాడు. అంటే చంపినవాళ్లు చేసింది రైటేనన్నమాట! జడ్జీ నిర్దోషి, చెవులు కొరుక్కున్న పక్కింటివాడూ నిర్దోషి. సిగ్గుండక్కర్లేదా? ఆ కేసుల్లో శిక్షపడ్డ ఎలిజబెత్ జాన్సన్ పేరు మీది మచ్చ సేలం ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర చట్టసభ తుడిచేసరికి 2022 వచ్చింది. అదీ ఒక బడి పిల్లలు, వాళ్ల టీచరు వెంటపడితే. బడి పిల్లలకి ఉన్న ఇంగితం నవలాకారుడికి లేకపోయింది.

రెండో భాగం త్వరలోనే అని చివరి పేజీలో వేశారు. మంత్రగత్తెకి ఒక కూతురుందట, ఆ పిల్లకి తల్లిని మించిన శక్తులట. సేలంలో ఉరితీసిన సారా గుడ్‌కీ ఒక కూతురుంది. డొరతీ, నాలుగైదేళ్ల పిల్ల. మంత్రగత్తె అని ఆ పసిదాన్ని కూడా గొలుసులేసి నెలల తరబడి జైల్లో పెట్టారు. రచయిత గారు ఆ పిల్లకి ఏ శక్తులు అంటగడతారో రాయనివ్వండి, నేను మాత్రం కొనను.