జాకెట్టుకు మ్యాచింగ్ చీర

తెలుగు నిఘంటువులు తయారుచేసే పెద్దలకు అనంతపురం నుంచి ఒక మనవి. 'మగ్గం' దగ్గర మీరు రాసుకున్న అర్థం పాతబడిపోయింది. బట్ట నేసే సాధనం అని ఇంకా అచ్చు వేస్తున్నారు. మా ఊళ్ళో ఏ సెంటర్‌లోనైనా నిలబడి మగ్గం ఎక్కడుందని అడగండి, నేరుగా జాకెట్లు కుట్టే షాపుకు దారి చూపిస్తారు. బోర్డు మీదే ఉంటుంది, 'ఇక్కడ మగ్గం వర్క్ చేయబడును' అని. మరి ధర్మవరంలో ఇళ్ళల్లో టకటకలాడే వాటిని ఏమనాలో మీరే తేల్చాలి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్ళిపోయింది కాబట్టి, ఆ తలనొప్పి మాది కాదు.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. మొన్న మాఘమాసంలో మా పెద్దమ్మాయి పెళ్ళి చేశాను.

పాతకాలం మనిషిని కాబట్టి ముందు చీర, తర్వాత జాకెట్ అనుకున్నాను. కార్తీకంలోనే ధర్మవరం వెళ్ళి తెలిసిన నేతగాడి ఇంట్లో కూర్చున్నాను. ఆయనది గుంట మగ్గం. గుంటలో కాళ్ళు దించి ఆయన నేస్తుంటే, పక్కన భార్య కండెలు చుడుతోంది. ముందు వారం వాన పడి గుంటలో చెమ్మ ఊరిందట, నాలుగు రోజులు పని లేదు. జిల్లా అంతా మొగులు వైపు చూసి వాన రావాలని మొక్కుకుంటుంటే, రాకూడదని మొక్కుకునేది వీళ్ళొక్కరే. దేవుడు ఎవరి మాట వింటున్నాడో మా వర్షపాతం చూస్తే తెలుస్తుంది.

కొంగు మీద లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లోంచి తీసిన పూలతీగ నేస్తున్నాడు. ముచ్చటేసి ఫోన్ తీశాను. "ఫోటో వద్దు సార్, ఏమనుకోవద్దు. ఈ పొద్దు మీ ఫోన్లో ఉంటే, నేను దీన్ని మగ్గం మీద నుంచి కోసేలోపల పవర్‌లూమ్ మీద దిగిపోతాది" అన్నాడు. కొన్ని రకాల బట్టలు చేనేతకే కేటాయిస్తూ 1985లో చేసిన చట్టం ఒకటుంది. పాపం పవర్‌లూమ్‌కు చదువు రాదు, ఆ సంగతి దానికెలా తెలుస్తుంది? ధర్మవరం చేనేత పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చీరను గుర్తించారు. నేసినవాడిని గుర్తించాలని అందులో ఎక్కడా రాయలేదు.

చీర ధర 22,000. ఆ డబ్బు షావుకారుకిచ్చాను. పట్టు షావుకారుది, జరీ షావుకారుది. నేతగాడివల్లా రెండు కాళ్ళు, రెండు చేతులు, ఒక నడుమునొప్పి.

ఇంటికి తెచ్చి విప్పితే మా ఆవిడ చీరను ఓ నిమిషం చూసింది. "బాగుందండీ. జాకెట్టుకు డేట్ తీసుకున్నారా?" అంది. అప్పటికి పెళ్ళి రెండున్నర నెలలుంది. తిరుమల దర్శనం టికెట్టయినా దొరుకుతుందేమో గానీ, ముహూర్తాల్లో మా ఊళ్ళో జాకెట్ డేట్ దొరకదు.

షాపు మేడమ్ ఫోన్లో డిజైన్లు చూపించింది. వీపు మీద పల్లకీ కావాలా, నెమళ్ళు కావాలా, వధూవరుల ముఖాలు కావాలా అని అడిగింది. అల్లుడి ముఖం మా అమ్మాయి వీపు మీద ఎందుకమ్మా అన్నాను. "ట్రెండ్ సార్" అంది. ఆ మాట తర్వాత మన దేశంలో ఎవరూ రెండో ప్రశ్న వేయరు, నేనూ వేయలేదు. పల్లకీతో సరిపెట్టుకున్నాం. చేతులకు 6,500, వీపుకు 9,000, మెడ చుట్టూ 3,000. మొత్తం 18,500. కుట్టుకూలి వేరే, లైనింగ్ వేరే. ఒక చీర నేసినందుకు ధర్మవరంలో ఆయన చేతికొచ్చే కూలి, మా అమ్మాయి జాకెట్ చేతులకైనా చాలదు. చారాణా కోడికి బారాణా మసాలా అనడానికి లేదు. కోడి ధర బాగానే ఉంది, పెంచినవాడికి దక్కిందే చారాణా.

లోపలి గదిలో కొయ్య చట్రానికి గుడ్డ బిగించి, దాని చుట్టూ నలుగురు కుర్రాళ్ళు నేలమీద కూర్చుని సూదులు దించుతున్నారు. ఆ చట్రమే ఈ కొత్త మగ్గం. బెంగాల్ నుంచి వచ్చారట. ఒకడు మా అల్లుడికంటే చిన్నవాడు, కళ్ళజోడు మాత్రం నాకంటే మందం. వీళ్ళకెంత ఇస్తారమ్మా అని అడిగితే మేడమ్ ఏసీ రిమోట్ వెతుక్కుంది.

చీరకు ఖర్చు అంతటితో ఆగలేదు. ఫాల్, పీకో, కొంగుకు కుచ్చులు. ఆపైన ప్రీ ప్లీటింగ్ అట. కుచ్చిళ్ళు ముందే మడిచి, క్లిప్పులు కొట్టి, ఇస్త్రీ చేసి, మిఠాయిలా డబ్బాలో పెట్టిస్తారు. కట్టడానికి మళ్ళీ ఒక మనిషి వస్తుంది. ఆమెది మరో బిల్లు.

హల్దీకి ఇంటిల్లిపాదికీ పసుపు రంగు బట్టలు కొన్నాం. ఒక పూట వేసుకున్నాం. ఇప్పుడు అవి బీరువాలో ఉన్నాయి.

గండికోట ముచ్చట మాత్రం చెప్పాలి. ప్రీ వెడ్డింగ్ షూట్‌కు అద్దె గౌను తెచ్చారు, వెనక ఐదు గజాల తోక. పెన్నా లోయ అంచున మా అమ్మాయిని నిలబెట్టారు. ఒక కుర్రాడు ఆ తోకను పైకి విసిరి, అది గాల్లో ఉండగానే ఫ్రేములోంచి బయటికి దూకాలి. పదిహేడు సార్లు విసిరాడు. నాకు లోయ కంటే, పెళ్ళికొడుకు కంటే ఆ కుర్రాడే ఎక్కువ గుర్తున్నాడు. ఆల్బమ్‌లో ఎక్కడా లేడు.

ఏటా ఆగస్టు 7న మాకు చేనేత గుర్తొస్తుంది. 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజని, 2015 నుంచి దాన్ని జాతీయ చేనేత దినోత్సవం చేశారు. పోయిన ఏడాది మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వరసగా చీరల ఫోటోలు, కింద 'మన చేనేత మన గర్వం'. పట్టి పట్టి చూశాను. చేనేత చీర ఒక్కటే ఉంది, అదీ ఫోటో పెట్టినావిడ అమ్మమ్మది. మిగతావి ఆన్‌లైన్‌లో చీరలమ్మే లైవ్ వీడియోల్లో స్క్రీన్‌షాట్ పెట్టి కొన్నవి, 'సెమీ పట్టు, సింగిల్ పీస్, ఓపెనింగ్ వీడియో తప్పనిసరి'. సెమీ పట్టంటే సగం పట్టు అనుకునేవాణ్ణి. పట్టు అనే మాట ఒక్కటే అందులో ఉంటుందని తర్వాత తెలిసింది. కాబట్టి ఆ దినోత్సవాన్ని జాకెట్టుకు బదలాయించాలని, చీరను జాకెట్టుకు అనుబంధ వస్త్రంగా ప్రకటించాలని నా సూచన. ఎలాగూ జరుగుతున్నదే, ఒక జీవో ఉంటే మర్యాదగా ఉంటుంది.

ముహూర్తం రోజు ఇంకో చిక్కు వచ్చింది. అమ్మాయికి పూలజడ వేశారు. 9,000 రూపాయల పల్లకీ పూర్తిగా జడ కిందికి పోయింది. జడ తీసేయాలని ఫోటోగ్రాఫర్, తీస్తే అరిష్టమని మా అక్క. పురోహితుడు గడియారం చూస్తుంటే చివరికి రాజీ కుదిరింది. జీలకర్ర బెల్లానికి జడ, తలంబ్రాలకు పల్లకీ.

నేతగాడినీ భార్యనూ పిలిచాను, వచ్చారు. ఆయన తన చీర చూసుకుంటాడని మండపం ముందు కుర్చీలు వేయించాను. కెమెరాల వెనక నుంచి ఏం కనిపించిందో తెలియదు. బంతిలో వాళ్ళకు ఓళిగలు నేనే వడ్డించాను. ఆమె కొంచెం మొహమాటపడి, "సార్, పాప జాకెట్టు చానా బాగుంది. యాడ చేయించినారు? వైశాఖంలో మా పాపకు పెండ్లి" అంది. షాపు పేరు చెప్పి, రేటు కూడా చెప్పాను.

ఆయన తినడం ఆపి, ఎడమచేతి వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు.

"నాలుగు చీరలు" అన్నాడు భార్యతో.