మూడు ఒలింపిక్స్ ఆడినా ఆధారం దొరకదు

హనుమకొండల కూసొని, మన హైదరాబాద్ హాకీ ఆటగాడు నందనూరి ముకేశ్ కుమార్ గురించి ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నాలుగు మంచి ముక్కలు చేరుద్దామంటే తల ప్రాణం తోకకొస్తున్నది. 1992, 1996, 2000, మూడు ఒలింపిక్స్ ఆడిన మనిషి! 1995ల అర్జున, 2003ల పద్మశ్రీ. ఇవి దొరుకుతయి. మరి ఏ మ్యాచ్‌ల ఎట్ల ఆడిండు? రాస్తే ఆధారం చూపమంటరు. అడగుడు న్యాయమే. కానీ అప్పటి తెలుగు పత్రికల ఆటల పేజీలు నెట్‌ల వెతికితే ఏడ దొరుకుతయి?

ఇంకో దిక్కు ఎవరో వచ్చి ‘హాకీ మాంత్రికుడు’, ‘తెలుగుజాతి ఆణిముత్యం’ అని నింపిపోతరు. తీసేస్తే మళ్ల పెడతరు! ఆయనకు ఈ పొగడ్తలెందుకయ్యా, ఆడిన మ్యాచ్ రాయండి, తేదీ రాయండి. క్రికెటర్ ఒక్క ఇన్నింగ్స్ ఆడితే బంతి బంతికీ లెక్కుంటది. ఈయనకెందుకు ఉండొద్దు?