ఎన్ని ప్రశ్నలకు ఆగింది?

మొన్న మన సంఘం వార్షికోత్సవంలో, ఈ ఏడాది నర్సింగ్ లైసెన్స్ తెచ్చుకున్న పిల్లలను వేదిక మీదికి పిలిచినప్పుడు మీలో చాలామంది హాల్లోనే ఉన్నారు. జాబితా చదివినాయన ఒక్కొక్కరి పేరు చెప్పి, అమెరికాలో నర్సు లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష ఎన్ని ప్రశ్నలకు ఆగిందో కూడా చెప్పారు. "85కే ఆగిపోయింది!" అనగానే హాలు దద్దరిల్లింది. తర్వాతి అమ్మాయికి "92" అన్నారు, చప్పట్లు కాస్త తగ్గాయి. చివర పిలిచిన అమ్మాయి దగ్గరికొచ్చేసరికి "ఈ అమ్మాయి 150 దాకా వెళ్లి ఎలాగో గట్టెక్కింది" అన్నారు. అందరూ నవ్వారు. ఆయనకు చెడు ఉద్దేశం లేదని నాకు తెలుసు. కానీ ఆ అమ్మాయి జ్ఞాపిక అందుకుని ఫొటోకి కూడా నిలబడకుండా దిగిపోయింది. వాళ్లమ్మ నా పక్క వరుసలోనే కూర్చుని ఉంది. చప్పట్లకని ఎత్తిన చేతులు ఒళ్లో పెట్టుకుంది.

నేను నర్సింగ్ విద్యార్థులకు ఆస్పత్రి వార్డులో పని నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని. ఆ అమ్మాయి నా క్లినికల్ గ్రూపులో చదివిన పిల్ల. అందుకే ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ఆ అంకె సంగతి. ఎన్‌క్లెక్స్ ఒకప్పటి మన ఎంసెట్ లాంటిది కాదు. అందరికీ ఒకే పేపర్ ఉండదు. ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న ఎంత కష్టంగా ఉండాలో కంప్యూటర్ ఎంచుకుంటుంది. కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, సమయం 5 గంటలు. రాస్తున్న మనిషి పాస్ గీతకు పైన ఉందో కింద ఉందో 95 శాతం నమ్మకంతో తేలిపోతే అక్కడ పరీక్ష ఆగిపోతుంది. 85కే ఆగి ఫెయిలైనవాళ్లూ ఉంటారు. 150 దాకా వెళ్లిందంటే గీతకు దగ్గర్లో ఉంది కాబట్టి తేలడానికి అన్ని ప్రశ్నలు పట్టాయని అర్థం. అది నేను కాదనను. కానీ గీత దాటింది. పాసైనవాళ్లకు ఆ పరీక్ష మార్కులు ఇవ్వదు, ర్యాంకు ఇవ్వదు. అది ఇవ్వని ర్యాంకును మనమే తయారుచేసి మైకులో చదివాం.

పరీక్షను తక్కువ చేయాలని కాదు. 2023 ఏప్రిల్‌లో దాని తీరు మారింది. ఒక పేషెంట్ కేసు ఇచ్చి, నర్సుల నోట్సు, ల్యాబ్ రిపోర్టులు చూపించి, ఇందులో పట్టించుకోవాల్సిన లక్షణాలేవి, అవి దేన్ని సూచిస్తున్నాయి, ముందు దేని సంగతి చూడాలి, ఏం చేయాలి, చేశాక ఫలితం కనిపించిందా అని ఒకదాని వెంట ఒకటి అడుగుతారు. బట్టీ పడితే గట్టెక్కే పరీక్ష కాదది. ఏ కాలేజీలో చదివినా, ఎవరి సిఫార్సు ఉన్నా లేకున్నా అందరికీ గీత ఒక్కటే. రేపు నేను ఆస్పత్రి మంచం మీద ఉంటే, నన్ను చూసే నర్సు ఆ గీత దాటి ఉండాలనే కోరుకుంటాను.

అయినా తెర మీద అడిగి తెలుసుకోలేనివి కొన్ని ఉంటాయి. అది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఒక వార్డు సిస్టర్ నేర్పింది.

నేను ఇండియాలో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు మగవాళ్ల మెడికల్ వార్డులో పోస్టింగ్. పొద్దున్నే టీపీఆర్ చార్టులు, అంటే జ్వరం, నాడి, శ్వాస రాసేవి, పూర్తి చేయాలి. పద్దెనిమిది మంచాలు. జ్వరం చూశాను, నాడి చూశాను. శ్వాస మాత్రం లెక్కపెట్టకుండా అందరికీ నిమిషానికి 20 అని రాసేశాను. మా బ్యాచ్‌లో అందరం అదే చేసేవాళ్లం. ఇన్‌ఛార్జ్ సిస్టర్ చార్టులన్నీ తిరగేసి నన్ను పిలిచింది. "ఏమ్మా, పద్దెనిమిది మందీ కూడబలుక్కుని ఊపిరి తీస్తున్నారా?" అని అడిగింది. అరవలేదు. నన్ను పదకొండో మంచం దగ్గరికి తీసుకెళ్లింది. "మణికట్టు వదలకు. నాడి చూస్తున్నావనే ఆయన అనుకోవాలి. లెక్కపెడుతున్నావని తెలిస్తే ఊపిరి మారిపోతుంది. పొట్ట వైపు చూడు. నిమిషం మొత్తం చూడు" అంది.

34 వచ్చింది. ఆయన ముక్కుపుటాలు ఎగురుతున్నాయి, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుంటోంది. పది నిమిషాల కిందట నేను ఆ మంచం దగ్గరే నిలబడి 20 అని రాశాను. సిస్టర్ మంచం తల వైపు ఎత్తించి, ఆక్సిజన్ పెట్టించి, డాక్టర్ కోసం నన్ను పరిగెత్తించింది. ఆ హడావిడి తగ్గాక మళ్లీ నా దగ్గరికి వచ్చింది. మిగిలిన మంచాల దగ్గర ఆమె వాచీ చూసుకుంటూ ఒక లెక్క, నేను ఒక లెక్క. నాలుగు మంచాలు తిరిగాక ఇద్దరి లెక్కా కలిసింది. "రేపు పొద్దున్న మళ్లీ వస్తా" అంది. వచ్చింది కూడా.

ఆ ఉదయానికి మార్కులు లేవు. అదే సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో నాకు మంచి మార్కులొచ్చాయి. బెడ్ బాత్‌కి ట్రే సెట్ చేసి, ఏ వస్తువు ఎందుకో గడగడా ఒప్పజెప్పాను. ఎక్స్‌టర్నల్ మేడమ్ నేను పేషెంట్‌ను ముట్టుకునేలోపే పక్క టేబుల్‌కి వెళ్లిపోయారు. నా రికార్డు సీనియర్ దగ్గర తెచ్చుకుని చూసి రాసింది, మార్జిన్లు ఎర్ర సిరాతో గీసింది. దానికీ పూర్తి మార్కులే. మన చదువులను తిట్టిపోయాలని నాకు లేదు, ఆ చదువే నన్ను ఇక్కడ నిలబెట్టింది. కానీ అందమైన రికార్డుకు, ఒప్పజెప్పిన జవాబుకు మార్కులు వేసి, చేతి పనిని చూడకుండా వదిలేయడం వల్ల ఎన్ని 20లు చార్టుల్లోకి ఎక్కాయో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

1860లో లండన్‌లో ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగ్ స్కూలు మొదలైనప్పుడే, శిక్షణలో ఉన్న ఒక్కొక్కరి నడవడిక మీద, పని మీద నర్సుల పెద్ద అయిన మేట్రన్ నెలనెలా ఒక షీటు నింపేది. నర్సును వార్డులో చూసి అంచనా వేయాలన్నది అప్పటి నుంచీ ఉన్న మాటే. పనితనాన్ని ఎలా అంచనా వేయాలో చెప్పడానికి 1990లో వైద్య విద్య నిపుణుడు జార్జ్ మిల్లర్ గీసిన పిరమిడ్‌ను మా రంగంలో విరివిగా వాడతారు. అడుగున తెలియడం, ఆ పైన ఎలా చేయాలో తెలియడం, దాని పైన చేసి చూపించడం, శిఖరాన నిజంగా పనిలో చేయడం. రాత పరీక్ష కింది రెండు మెట్లను చూస్తుంది. స్టేషన్లు పెట్టి ఒక్కో పని చేయించి చూసే ఓస్కీ మూడో మెట్టును చూస్తుంది. పై మెట్టు కోసం మాత్రం ఎవరో ఒకరు మంచం పక్కన నిలబడాల్సిందే.

అలా నిలబడేవాళ్లు పొరపాటు పడరా? పడతారు, నేనూ పడ్డాను. 150 దాకా వెళ్లిన ఆ అమ్మాయికే మిడ్‌టర్మ్ ఇవాల్యుయేషన్‌లో "ఆత్మవిశ్వాసం తక్కువ" అని రాశాను. మెల్లగా మాట్లాడుతుంది, అందుకని. ఫారం చదివి, "ఏ రోజు, ఏ పేషెంట్ దగ్గర మేడమ్?" అని అడిగింది. ఎదిరించినట్టు కాదు, దిద్దుకోవడానికే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ వాక్యం కొట్టేశాను. అప్పటి నుంచి జేబులో చిన్న పుస్తకం పెట్టుకుంటున్నాను. తేదీ, గది, విద్యార్థి ఏం చేసింది, నేను ఏం చెప్పాను, అంతే. సాయంత్రం ఇంటికి వెళ్లేలోపు ఆ పేజీ వాళ్లకు చూపిస్తాను.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఫెయిల్ చేయాల్సిన ఒక విద్యార్థిని, ఇంటి పరిస్థితి తెలిసి, జాలిపడి పాస్ చేశాను. స్కాట్లాండ్‌లో కాథ్లీన్ డఫీ అనే పరిశోధకురాలు 2003లో వెలువరించిన అధ్యయనం ఇదే బయటపెట్టింది. సందేహం ఉన్నా ఫెయిల్ చేయడానికి వార్డులో నేర్పేవాళ్లకు చెయ్యి రాదు. ఆ జాలి ఖరీదు పేషెంట్ మీద పడుతుంది.

నా జేబు పుస్తకంలో, ఆ రోజు వేదిక దిగిపోయిన అమ్మాయి పేజీ ఒకటుంది. ఆపరేషన్ అయిన మర్నాడు ఒక పేషెంట్. మానిటర్‌లో ఆక్సిజన్ అంకె బాగానే ఉంది, బీపీ బాగానే ఉంది. పొద్దున మనవడి గురించి కబుర్లు చెప్పినావిడ మధ్యాహ్నానికి ఒక్కో మాటతో సరిపెడుతోందని ఈ పిల్ల గమనించింది. మణికట్టు పట్టుకుని నిమిషం పాటు నిలబడింది. 30. వెళ్లి స్టాఫ్ నర్సుకు చెప్పింది. ఆమె పనిలో ఉండి "తర్వాత చూస్తా" అంటే, అదే మెల్లని గొంతుతో "ఇప్పుడే రావాలండీ" అని అక్కడే నిలబడింది. పేషెంట్ పరిస్థితి దిగజారితే పిలిచే ర్యాపిడ్ రెస్పాన్స్ టీమ్ వచ్చింది. ఆవిడ ఆ రాత్రి ఐసీయూకి వెళ్లి, క్షేమంగా తిరిగొచ్చింది.

కార్యవర్గంలోని పెద్దలకు, కోచింగ్ గ్రూపు నడిపే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం. "ఎన్ని ప్రశ్నలకు ఆగింది?" అని పిల్లలను అడగడం మానేద్దాం. గ్రూపులో ఆ అంకె పెట్టి అభినందనలు చెప్పడం కూడా ఆపుదాం. 110 దాటాక టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయని చెప్పిన పిల్లలు నాకు తెలుసు. మనం పెంచిన భయమే అది. ప్రశ్నల బ్యాంకులు పంచుకోవడంతో పాటు, పనిలో ఉన్న మన సీనియర్ నర్సులు నెలకో పూట వచ్చి పిల్లల చేత చేయించి చూడాలి, అక్కడికక్కడే దిద్దాలి. నేను తప్పకుండా వస్తాను. తల్లిదండ్రులూ, ఇన్‌స్ట్రక్టర్ దిద్దిన ఫారం ఇంటికొస్తే మార్కు కన్నా ముందు కింద రాసిన వాక్యం చదవండి.

వచ్చే ఏడాది సన్మానం జాబితా వారం ముందు నాకు పంపండి. వాళ్లకు నేర్పినవాళ్లను అడిగి, ఒక్కో పేరు పక్కన ఒక వాక్యం రాసిస్తాను, అంకె బదులు అది చదవండి. ఆ అమ్మాయిని మళ్లీ ఒకసారి వేదిక మీదికి పిలవడానికి మీరు ఒప్పుకుంటే, చదవాల్సిన వాక్యం నా దగ్గర ఉంది: "శ్వాస నిమిషం పాటు లెక్కపెట్టింది. 30. స్టాఫ్ నర్సు వచ్చేదాకా కదల్లేదు."