"వంకాయలు కొయ్యి" అంటే ఏం చెయ్యాలి?

"వాక్యానికి అర్థం వాక్యంలోనే ఉంటుంది. సందర్భం అనేది మాట జారినవాళ్లు వెతుక్కునే సాకు." ఎవరి మాట మీద రగడ జరిగినా ఈ వాదన వినిపిస్తుంది. దానికి చెప్పే కారణాలు: నిఘంటువు ఉంది, వ్యాకరణం ఉంది, మెలికలన్నీ కవిత్వానికీ వెటకారానికే. పైగా ఈ సందర్భం గోల పాశ్చాత్యులు తెచ్చిన కొత్త ఫ్యాషన్ అని ఒక విసురు.

ముందు నిఘంటువు సంగతి. "వంకాయలు కొయ్యి." ఇందులో కవిత్వమూ లేదు, వెటకారమూ లేదు. తోటలో ఈ మాట వింటే మొక్క నుంచి తెంపి గంపలో వేస్తాం. వంటింట్లో వింటే కత్తిపీట తీస్తాం. "కోయు"కి రెండర్థాలూ నిఘంటువులో ఉన్నాయిగా అంటారు. సరే, వంటింట్లోనే ఉందాం. గుత్తివంకాయకైతే తొడిమ తియ్యకుండా, కాయ విడిపోకుండా నాలుగు పక్షాలుగా చీల్చాలి. వేపుడుకైతే నిలువు ముక్కలు. దేనికైనా కోసినవి కోసినట్టు ఉప్పునీళ్లలో పడాలి, లేకపోతే కనరెక్కుతాయి. "కొయ్యి"లో ఈ ఉప్పునీళ్లు ఎక్కడున్నాయి? నేను ఓసారి గుత్తివంకాయకని తెచ్చిన లేత కాయలన్నీ చక్రాలుగా తరిగేసి, "కొయ్యమన్నావు, కోశాను" అన్నాను. నిఘంటువు నా పక్షమే. ఆ పూట కూర మాత్రం లేదు.

అమెరికా తత్వవేత్త జాన్ సెర్ల్ 1978లో ఇంతకన్నా సాదా వాక్యం పట్టుకున్నాడు: పిల్లి చాప మీద ఉంది. గురుత్వాకర్షణ లేని అంతరిక్షంలో పిల్లీ చాపా ఒకదానికొకటి ఆనుకుని తేలుతుంటే, ఏది దేని మీద ఉన్నట్టు? ఆయన అక్షరార్థమే లేదనలేదు. మనం నోరు విప్పి చెప్పని బోలెడు సంగతులను ఆధారం చేసుకునే అది నిలబడుతుందన్నాడు.

ఇక కొత్త ఫ్యాషన్ అన్న మాట. శబ్దానికి అర్థాన్ని తేల్చే వాటిని ప్రాచీన సంస్కృత వ్యాకరణవేత్త భర్తృహరి తన వాక్యపదీయం అనే గ్రంథంలో వరసగా చెప్పాడు. అందులో ప్రకరణం, అంటే సందర్భం, ఉంది. "సైంధవం తీసుకురా" అంటే భోజనం దగ్గర ఉప్పు, ప్రయాణానికి గుర్రం అన్నది మన శాస్త్రాల్లో అరిగిపోయిన ఉదాహరణే.

వ్యాకరణం విషయంలో వాళ్లు సగం కరెక్టు. "వంకాయలు కొయ్యి" అంటే కొబ్బరికాయ కొట్టమని ఏ సందర్భంలోనూ అర్థం రాదు. వాక్యం హద్దులు గీస్తుంది. ఆ హద్దుల్లో ఎక్కడ నిలబడాలో చెప్పదు.

మిగిలింది, మందూ మాకూ లాంటి సూటి విషయాల్లో ఈ గొడవ ఉండదన్న ధీమా. మా అమ్మకు డాక్టరు "భోజనం చేశాక ఒక మాత్ర" అని రాశారు. ఆయన లెక్కలో రోజుకు రెండు. శనివారం అమ్మకు ఒక్కపొద్దు. ఆ రోజు ఒకటే వేసుకుంది. అడిగితే, "తిన్నది ఒక్కసారేగా!" అంది. చీటీ తీసి మళ్లీ చదివాను. అమ్మ చెప్పిందే రాసి ఉంది.