పరిహారం బిల్డరు దగ్గర కూడా అడగొచ్చు

భవన నిర్మాణ కూలీల భద్రత గురించి మీరు వేసిన వ్యాసంలో, హెల్మెట్, బెల్టు లేకుండా కూలీలను పైకి ఎక్కించొద్దని బాగా రాశారు. పడ్డాక ఏం జరుగుతుందో కూడా రాయాల్సింది. మా ఒంగోలులో ఇప్పటికీ చాలాచోట్ల సరుగుడు కర్రలు కట్టి, వాటి మీద ఒక్క పలక వేసి మూడో అంతస్తు ప్లాస్టరింగ్ చేయిస్తున్నారు. మనిషి పడితే మేస్త్రీ ముందు చేసే పని, ఆసుపత్రిలో ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాయించడం. ఆ ఒక్క మాటతో పరిహారం కేసు సగం పోతుంది. దయచేసి పని దగ్గరే పడ్డాడని చెప్పి అలాగే రాయించండి.

ఆ తర్వాత చేతిలో కొంత డబ్బు పెట్టి, ఇక ఏమీ అడగనని కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు రాసిచ్చినా అది చట్టం ముందు చెల్లదు. మేస్త్రీ చేతులెత్తేస్తే అపార్ట్‌మెంట్ కట్టే బిల్డరే ఇవ్వాలి. 1923 నాటి పరిహార చట్టంలోనూ, ఇప్పటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇదే ఉంది. రెండేళ్లలోపు కార్మిక శాఖలో క్లెయిమ్ వేయాలి.

నాకు ఎక్కువ బాధేసేది ఇటుకలు, ఇసుక మోసే ఆడవాళ్ల గురించి. భర్తతో కలిసి పనికొస్తారు, కూలీ ఇద్దరికీ కలిపి ఆయన చేతికే ఇస్తారు. ఆమె పేరు ఎక్కడా ఉండదు. రేపు ఆమెకు దెబ్బ తగిలితే అక్కడ పనిచేసిందనడానికి రుజువేది? మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పుస్తకంలో, ఆడవాళ్ల పేర్లు విడిగా రాయాలని అధికారులు గట్టిగా చెప్పాలి.