నడిచిన కాళ్లకు మనం బాకీ

1955 డిసెంబర్ 1న అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతి మహిళ రోజా పార్క్స్ బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్నారు, అరెస్టయ్యారు. పాపం, కుట్టుపని చేసి అలసిపోయి లేవలేకపోయిందని ఇప్పటికీ చెబుతుంటారు. ఆ మాట ఆమెను చిన్నబుచ్చడమే. నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖలో ఏళ్ల తరబడి పనిచేసిన కార్యకర్త ఆమె.

ఆ ఊళ్లో నల్లవాళ్లు ముందు తలుపు దగ్గర టికెట్ డబ్బులిచ్చి, కిందికి దిగి, వెనక తలుపు నుంచి ఎక్కాలి. వాళ్లు వెనక్కి నడిచేలోపే బస్సు కదిలించుకుపోయే డ్రైవర్లూ ఉండేవారు. డబ్బూ పోయె, బస్సూ పోయె.

అరెస్టు జరిగిన రాత్రే కాలేజీ టీచర్ జో ఆన్ రాబిన్సన్ తెల్లవార్లూ సైక్లోస్టైల్ మిషన్ దగ్గర నిలబడి వేల కరపత్రాలు తీశారు. సోమవారం ఎవరూ బస్సెక్కొద్దన్నది వాటి సారాంశం. ఒక్కరోజు అనుకున్నది 381 రోజులు సాగింది. ఇళ్లలో వంటపని, పాచిపని చేసే ఆడవాళ్లు మైళ్లకు మైళ్లు నడిచారు. వంటమనిషి జార్జియా గిల్మోర్ తోటి ఆడవాళ్లతో కలిసి చికెన్ శాండ్‌విచ్‌లు, కేకులు అమ్మి, జనాన్ని చేరవేసే కార్ల పెట్రోలుకు డబ్బు కూడబెట్టారు. ఇచ్చినవాళ్ల పేర్లు బయటికి రానివ్వలేదు. వస్తే పని ఊడుతుంది మరి. యువ పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ ఇంటిపై బాంబు పడినా జనం వెనక్కి తగ్గలేదు. చివరికి బస్సుల్లో ఈ వివక్ష చెల్లదని కోర్టులో గెలిచిన కేసు కూడా నలుగురు ఆడవాళ్లది. అందులో క్లాడెట్ కాల్విన్, పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, పదిహేనేళ్ల వయసులో సీటు వదలనని అరెస్టయిన పిల్ల.

ఇది మనది కాని చరిత్ర అనుకోవద్దు. 1946 నాటి అమెరికా చట్టం భారతీయులకు ఏడాదికి ఇచ్చిన వలస కోటా వంద మాత్రమే. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే ఆ పద్ధతి 1965లో రద్దయిందంటే, పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన ఒత్తిడే పెద్ద కారణం. మన డాక్టర్లు, ఇంజినీర్లు అమెరికా విమానం ఎక్కింది ఆ తలుపు తెరుచుకున్నాకే.

అయినా "ఆ ఏరియాలో ఇల్లు తీసుకోకు, నల్లోళ్లుంటారు" అనే మాట మనవాళ్ల ఇళ్లలో వినిపిస్తూనే ఉంది. వినడానికే సిగ్గుగా ఉంది. ఆ మాట ఆగాలి. అక్కడి తెలుగు సంఘాలు వారాంతపు తరగతుల్లో పద్యాలతో పాటు జో ఆన్ రాబిన్సన్ గురించీ, జార్జియా గిల్మోర్ గురించీ పిల్లలకు చెప్పాలి. ఆ క్లాసులో వెనక బెంచీల మీద అమ్మానాన్నలు కూడా కూర్చోవాలి.