అంతరిక్ష షేర్లలో చిన్న మదుపరి చూడాల్సిన లెక్కలు

శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ మొదలైతే చాలు, బిజినెస్ చానళ్లలో ‘స్పేస్ షేర్ల’ జాబితా తిరుగుతుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినప్పుడు ఆ జాబితాలోని చిన్న కంపెనీల షేర్లు ఒక్కసారిగా ఎగబాకాయి. నిజానికి ఆ ప్రయోగానికి విడిభాగాలు అందించిన పని అంతకు చాలా ముందే ముగిసింది. ల్యాండర్ దిగినందువల్ల ఆ వారం ఏ కంపెనీ ఖాతాలోనూ కొత్తగా రూపాయి జమ కాలేదు. ఇస్రో విజయం దేశానికి గర్వకారణమే. ఆ గర్వంతో షేరు కొంటే మాత్రం నష్టపోయేది సొంత డబ్బు. కొనేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: ఆ కంపెనీ అమ్మకాల్లో అంతరిక్షం వాటా ఎంత, ఆ డబ్బు ఎన్ని రోజులకు చేతికొస్తోంది.

హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) సంగతే తీసుకోండి. ఐదు పీఎస్‌ఎల్‌వీ రాకెట్ల తయారీకి హెచ్‌ఏఎల్, ఎల్ అండ్ టీ కూటమికి 2022 సెప్టెంబరులో దాదాపు 860 కోట్ల రూపాయల కాంట్రాక్టు దక్కింది. హెచ్‌ఏఎల్ ఏడాది ఆదాయం 30 వేల కోట్లు. మొత్తం 860 కోట్లూ హెచ్‌ఏఎల్‌కే, అదీ ఒకే ఏడాదిలో వచ్చాయనుకున్నా అది మూడు శాతం లోపే. పైగా ఆ సొమ్మును ఇద్దరు పంచుకోవాలి, పని ఏళ్ల మీద సాగుతుంది. ఆ ఐదింటిలో మొదటి రాకెట్ 2025 ముగిసే నాటికి కూడా ఎగరలేదు. ఇక 2025 జూన్‌లో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ టెక్నాలజీని హెచ్‌ఏఎల్ 511 కోట్ల బిడ్‌తో గెలిచినప్పుడు చాలామంది దాన్ని ఆర్డర్‌గా చదువుకున్నారు. అది హెచ్‌ఏఎల్ చెల్లించే డబ్బు. రాకెట్ల తయారీ నేర్చుకుని, వాటికి కస్టమర్లను వెతుక్కుని, ఆ తరువాతే అది తిరిగి రావాలి. హెచ్‌ఏఎల్ షేరు కొంటున్నామంటే యుద్ధ విమానాల వ్యాపారం కొంటున్నట్టే.

హైదరాబాద్‌లోని ఎంటార్ టెక్నాలజీస్ కథ ఇంకో రకం. ఇస్రో ఇంజిన్లకు, అణు విద్యుత్ కేంద్రాలకు కీలక భాగాలు తయారుచేసే కంపెనీగా దీనికి దశాబ్దాల పేరుంది. 2021 మార్చిలో 575 రూపాయలకు ఐపీఓకు వచ్చింది. అయితే ఆదాయంలో సగానికి పైగా వచ్చేది అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీకి చేసే ఫ్యూయల్ సెల్ (రసాయన చర్యతో కరెంటు పుట్టించే) పరికరాల నుంచి. అంటే ఈ షేరు కదలికను శ్రీహరికోట కంటే అమెరికా డేటా సెంటర్ల కరెంటు అవసరాలే ఎక్కువగా శాసిస్తాయి. ఇది కంపెనీలో లోపమేమీ కాదు. అంతరిక్షం అనుకుని కొన్నవారు మాత్రం బ్లూమ్ ఆర్డర్లు వాయిదా పడినప్పుడు షేరు ఎందుకు పడుతోందో అర్థం కాక తల పట్టుకుంటారు. మిధాని, ఆస్ట్రా మైక్రోవేవ్, డేటా ప్యాటర్న్స్, సెంటమ్ ఎలక్ట్రానిక్స్ వంటి పేర్లన్నిటికీ ఇదే పరీక్ష పెట్టాలి. వీటిలో చాలావాటికి రక్షణ రంగమే పెద్ద ఖాతాదారు. పారస్ డిఫెన్స్‌కైతే పేరులోనే ‘స్పేస్’ ఉంది. 2021లో ఆ ఐపీఓకు 304 రెట్ల స్పందన వచ్చి, 175 రూపాయల షేరు తొలిరోజే 475 దగ్గర మొదలైంది. అన్ని దరఖాస్తుల్లో ఆ కంపెనీ ఆదాయ విభజన పట్టిక ఎందరు చూశారన్నది నాకు అనుమానమే.

ఆ పట్టిక దొరకడం కష్టమేం కాదు. బీఎస్‌ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి వార్షిక నివేదిక తెరవండి. చైర్మన్ సందేశం, రంగుల బొమ్మలు దాటి ఆర్థిక ఖాతాల నోట్స్‌కు వెళ్లండి. ‘సెగ్మెంట్ సమాచారం’ అనే నోట్‌లో విభాగాలవారీ ఆదాయం ఉండొచ్చు. చాలా చిన్న కంపెనీలు తమది ఒకటే సెగ్మెంట్ అని రాసి వదిలేస్తాయి. అప్పుడు అదే నోట్‌లో, పది శాతం మించిన ఖాతాదారుల నుంచి ఎంత వచ్చిందో చెప్పే వాక్యం చూడాలి. అదీ సరిపోకపోతే ఇన్వెస్టర్ ప్రజెంటేషన్, త్రైమాసిక కాన్ఫరెన్స్ కాల్ లిఖిత ప్రతి వెతకాలి. అక్కడా అంతరిక్షం వాటా దొరక్కపోతే, చెప్పుకోదగినంత లేదనే అనుకోవాలి.

ఆర్డర్ ఉంది, డబ్బు లేదు

వాటా తేలాక వచ్చేది నగదు చక్రం, అంటే పెట్టిన డబ్బు తిరిగి చేతికి రావడానికి పట్టే కాలం. ఈ రంగంలో మంచి కంపెనీలు కూడా ఇబ్బంది పడేది ఇక్కడే. ఘన ఇంధన రాకెట్ మోటార్ కేసింగ్ ఎలా తయారవుతుందో చూడండి. మారేజింగ్ స్టీల్ అనే అతి దృఢమైన ఉక్కు కావాలి, దాన్ని ముందుగా ఆర్డర్ పెట్టి కనీస పరిమాణంలో కొనాలి. రింగులు ఫోర్జ్ చేయాలి, ప్లేట్లు వంచాలి, వెల్డింగ్ చేయాలి, ప్రతి అతుకునూ ఎక్స్‌రే, అల్ట్రాసోనిక్‌తో పరీక్షించాలి. తరువాత హీట్ ట్రీట్‌మెంట్, మెషినింగ్, నీటి ఒత్తిడి పరీక్ష. ముఖ్యమైన ప్రతి దశలోనూ నాణ్యత తనిఖీ అధికారుల సంతకం పడాలి. ఒక వెల్డ్‌లో లోపం కనబడితే మరమ్మతు, మళ్లీ పరీక్షలు. ఇన్ని నెలలూ స్టీలు, కూలి, యంత్రాల మీద పెట్టిన డబ్బు ‘నిల్వలు’ అనే పద్దులో కదలకుండా ఉంటుంది. సరుకు అంగీకరించాకే బిల్లు, బిల్లు తరువాత ఇంకొన్ని నెలలకు చెల్లింపు.

దీన్ని అంకెల్లో పెడదాం. ఊహించిన ఒక కంపెనీకి ఏడాది అమ్మకాలు 200 కోట్లు, నిల్వలు 180 రోజులవి, రావలసిన బాకీలు 150 రోజులవి, తాను సరఫరాదారులకు ఇవ్వాల్సినవి 60 రోజులవి. రోజులన్నీ అమ్మకాల మీద లెక్కించినవే అనుకుందాం. 180, 150 కలిపి 60 తీసేస్తే 270 రోజుల అమ్మకాలంత డబ్బు వ్యాపారంలో ఇరుక్కుని ఉంటుంది. అమ్మకాలు 400 కోట్లకు చేరితే? అదనపు 200 కోట్లకు 270ని 365తో భాగించిన నిష్పత్తిలో, అంటే దాదాపు 148 కోట్లు కొత్తగా కావాలి. 12 శాతం నికర లాభం వచ్చినా అది 48 కోట్లే. మిగతా 100 కోట్లు బ్యాంకు అప్పుగానో, కొత్త షేర్లు జారీ చేసో తేవాలి. అమ్మకాలు రెట్టింపయ్యాయన్న వార్త వెనకే క్యూఐపీ (పెద్ద సంస్థలకు కొత్త షేర్ల అమ్మకం) ప్రకటన రావడానికి కారణం ఇదే. అందుకే లాభనష్టాల పట్టిక కంటే క్యాష్ ఫ్లో పట్టికలో ‘కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు’ వరసను ఐదేళ్లకు రాసుకుని, నికర లాభం పక్కన పెట్టి చూడమంటాను. ఐదేళ్ల మొత్తంలో లాభానికి సగం కూడా నగదుగా రాకపోతే, ఆ కంపెనీ ఎంత గొప్ప భాగాలు చేసినా నేను ఖరీదైన ధర ఇవ్వను.

ఆర్డర్ బుక్‌నూ ఇలాగే కుదించి చూడాలి. 600 కోట్ల ఆర్డర్లు నాలుగేళ్లలో పూర్తయ్యేవైతే ఏడాదికి 150 కోట్లు, అదే 12 శాతం లెక్కన లాభం 18 కోట్లు. మార్కెట్ ఆ కంపెనీని 3,000 కోట్లకు అమ్ముతుంటే ఈ ఆర్డర్ల లాభానికి 160 రెట్ల పైన చెల్లిస్తున్నట్టు.

దేశంలో ప్రయోగాల సంఖ్యను కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. శ్రీహరికోట నుంచి 2024లో ఐదు కక్ష్య ప్రయోగాలు జరిగాయి, 2025లోనూ ఐదే. స్పేస్‌ఎక్స్ 2024లో ఒక్క ఫాల్కన్ రాకెట్లనే 130 సార్లకు పైగా ఎగరేసింది. ఏడాదికి ఐదు రాకెట్ల భాగాలు చేసే ఫ్యాక్టరీకి ఖర్చు దిగివచ్చే అవకాశం తక్కువ. అందులో ఒకటి విఫలమైతే మిగతావీ ఆగుతాయి. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో లోపంతో విఫలమైంది. ఆ తరువాత ఆ ఏడాది మరో పీఎస్‌ఎల్‌వీ ఎగరలేదు. ప్రయోగాలు ఆగితే భాగాల అంగీకారం, చెల్లింపులు కూడా వెనక్కి జరిగే ప్రమాదం ఉంటుంది.

బ్రోకరేజీ నివేదికల్లో తప్పకుండా కనిపించే అంకె ఇంకొకటి ఉంది: భారత అంతరిక్ష ఆర్థిక వ్యవస్థ 840 కోట్ల డాలర్ల నుంచి 2033కి 4,400 కోట్ల డాలర్లకు చేరుతుందని. ఇది ప్రైవేటు అంతరిక్ష సంస్థలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ 2023లో పెట్టుకున్న లక్ష్యం. ఇందులో టీవీ ప్రసారాలు, ఉపగ్రహ కమ్యూనికేషన్ వంటి సేవలూ కలిసే ఉన్నాయి. ఈ అంకెను చూపి రాకెట్ విడిభాగాల కంపెనీ ఐదు రెట్లు పెరుగుతుందని చెప్పడం సరైన లెక్క కాదు. నిజంగా డబ్బు కదిలే చోటు నిఘా ఉపగ్రహాలు. 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన దాదాపు 27 వేల కోట్ల పథకంలో 52 ఉపగ్రహాలుంటే, 31 ప్రైవేటు కంపెనీలు చేయాలి. అయితే హైదరాబాద్‌లోని అనంత్ టెక్నాలజీస్ వంటి ఉపగ్రహ తయారీ సంస్థలు స్టాక్ మార్కెట్లో లేవు.

లిస్ట్ కాని కంపెనీల వల

2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ రాకెట్ ఎగరేసిన స్కైరూట్, ధ్రువ స్పేస్, చెన్నై అగ్నికుల్, బెంగళూరు పిక్సెల్ వంటి స్టార్టప్‌లన్నీ వెంచర్ ఫండ్ల డబ్బుతో పెరిగినవే. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ప్రజల నుంచి షేర్ల సొమ్ము కోరే వీలు చట్టంలో లేదు, షేర్ల బదిలీకి ఆంక్షలుంటాయి. కాబట్టి వాట్సాప్, టెలిగ్రామ్‌లలో ‘ప్రీ ఐపీఓ కోటా’ అంటూ ఎవరైనా యూపీఐకి డబ్బు పంపమంటే అక్కడితో ఆపేయండి. అనుమతి లేని వేదికల్లో అన్‌లిస్టెడ్ షేర్లు కొనొద్దని సెబీ 2024 డిసెంబరులో హెచ్చరించింది.

దొరకని షేరు కోసం ఆత్రపడితే ఏమవుతుందో అమెరికాలో 2024లో కళ్లారా కనిపించింది. అప్పటికి లిస్ట్ కాని స్పేస్‌ఎక్స్‌లో కొంత వాటా ఉన్న డెస్టినీ టెక్100 ఫండ్ ఆ మార్చిలో న్యూయార్క్ మార్కెట్లోకి వచ్చింది. దాని ఆస్తుల విలువ షేరుకు సుమారు 5 డాలర్లు. జనం ఎగబడి ఏప్రిల్‌లో ధరను 100 డాలర్లు దాటించారు. లోపల ఉన్న ఆస్తి మారలేదు, ధర మళ్లీ కుప్పకూలింది. ఇలాంటి ఫండ్ కొనేముందు నికర ఆస్తి విలువను, మార్కెట్ ధరను పక్కపక్కన పెట్టి చూడడం తప్పనిసరి.

అమెరికా షేర్లు: ముందు నగదు, తరువాత రాకెట్

ఇక్కడి కంపెనీలకు బాకీల సమస్యైతే, అక్కడి చిన్న కంపెనీలకు నగదు కరిగిపోవడమే సమస్య. వర్జిన్ ఆర్బిట్ నాలుగు ప్రయోగాలు వరసగా విజయవంతం చేసింది. 2021 చివర్లో లిస్టింగ్‌కు వచ్చినప్పుడు ఆశించిన నిధుల్లో సగం కూడా చేతికి రాలేదు. 2023 జనవరి 9న ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రయోగంలో రెండో దశ ఇంధన ఫిల్టర్ స్థానం తప్పింది. రాకెట్ పోయింది. ఏప్రిల్ 4 నాటికి కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఫిల్టర్ మార్చి ఇంకో రాకెట్ ఎగరేయవచ్చు, దానికి కావాల్సిన నెలల జీతాలు ఖజానాలో లేవు. ఒకప్పుడు 210 కోట్ల డాలర్ల విలువ కట్టిన అమెరికా రాకెట్ కంపెనీ ఆస్ట్రా, 15 షేర్లను ఒకటిగా కలిపిన తరువాత కూడా 2024లో షేరుకు అర డాలరు చొప్పున మార్కెట్ నుంచి వెళ్లిపోయింది.

కంపెనీ త్రైమాసిక ఫైలింగ్ అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ‘ఎడ్గర్’ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చేతిలోని నగదు, స్వల్పకాలిక పెట్టుబడులు కూడండి. త్రైమాసికంలో కార్యకలాపాలకు పోయిన నగదుకు యంత్రాలు, భవనాల ఖర్చు కలిపి దానితో భాగించండి. జవాబు నాలుగు కంటే తక్కువైతే, ఖర్చు ఇదే తీరున సాగితే ఏడాదిలోపు కొత్త షేర్లో, అప్పో అవసరమవుతుంది. రాకెట్ ల్యాబ్ లాంటి నిలదొక్కుకున్న కంపెనీ కూడా 2025 మార్చిలో 50 కోట్ల డాలర్లు, సెప్టెంబరులో 75 కోట్ల డాలర్ల వరకు షేర్లను నేరుగా మార్కెట్లో కొద్దికొద్దిగా అమ్మే పథకాలు పెట్టింది. దాని ఆదాయంలో పెద్ద భాగం రాకెట్ ప్రయోగాల నుంచి కాక ఉపగ్రహాలు, వాటి విడిభాగాల నుంచి వస్తుండడం నాకు నచ్చే అంశం. అయినా షేర్ల సంఖ్య ఏటా ఎంత పెరుగుతోందో రాసుకోకుండా కొనకూడదు.

స్పేస్ ఈటీఎఫ్ (చాలా కంపెనీల షేర్లు కలిపిన ఫండ్) కొంటే ఈ శ్రమ తప్పుతుందా అంటే కొంతవరకే. ఆర్క్ సంస్థ 2021లో తెచ్చిన ఫండ్‌లో మొదట్లో ట్రాక్టర్ల కంపెనీ డీర్, నెట్‌ఫ్లిక్స్ కూడా ఉన్నాయి. లోపల ఏముందో మొదటి పది షేర్లయినా చదవాలి.

పన్ను లెక్కలు ముందే వేసుకోండి. విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వు బ్యాంకు కల్పించిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు పంపవచ్చు. పెట్టుబడికి పంపే మొత్తం 10 లక్షలు దాటితే ఆ పైదానిపై 20 శాతం ముందుగా వసూలు చేస్తారు. రిటర్నులో సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం, లోపైతే మీ శ్లాబు రేటు. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌ను క్యాలెండర్ ఏడాది ప్రకారం నింపాలి. ఒక్క షేరున్నా, లాభం రాకపోయినా నింపాలి. దాదాపు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి: అమెరికాలో నివసించని భారతీయుడు మరణించే నాటికి అక్కడి షేర్ల విలువ 60 వేల డాలర్లు దాటితే వారసత్వ పన్ను పడవచ్చు, రేటు 40 శాతం దాకా ఉంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి సమస్య తిరగబడుతుంది. అక్కడి పన్ను చట్టం భారతీయ మ్యూచువల్ ఫండ్లను కఠినమైన పీఎఫ్‌ఐసీ (విదేశీ పెట్టుబడి కంపెనీలు) కోవలో చూస్తుంది కాబట్టి, ఇక్కడి డిఫెన్స్ ఫండ్ కొనే ముందు అక్కడి ఆడిటర్‌ను అడగాలి.

ఎంత పెట్టాలన్న ప్రశ్నకు నా అభిప్రాయం: మొత్తం షేర్ల పెట్టుబడిలో ఐదు శాతం మించకూడదు, అదీ మూడు నాలుగు కంపెనీల్లో, ఏడాది పొడవునా విడతలుగా. ప్రయోగానికి ముందు రెండు రోజులు, తరువాత రెండు రోజులు కొనుగోలు వద్దు. చిన్న షేర్లు వేగంగా పెరిగితే ఎక్స్ఛేంజీలు వాటిని అదనపు నిఘాలో పెట్టి, రోజువారీ కదలికను ఐదు శాతానికి కుదించే అవకాశం ఉంది. పడేటప్పుడు వరసగా లోయర్ సర్క్యూట్లు (ఒక రోజులో పడగలిగే గరిష్ఠ పరిమితి) తగిలితే అమ్ముదామన్నా కొనేవాడుండడు.

భారతీయ కంపెనీల విషయంలో నా అంచనా మారాలంటే కొన్ని అంకెలు మారాలి. పరిశ్రమ తయారుచేసిన తొలి పీఎస్‌ఎల్‌వీ కక్ష్యకు చేరి, రెండోది ఆరు నెలల్లో రావాలి. ఏడాదికి ప్రయోగాలు పది దాటాలి. విదేశీ ఆర్డర్లు పెరగాలి. 2025 డిసెంబరు 24న ఇస్రో భారీ రాకెట్ ఎల్‌వీఎం3 అమెరికా కంపెనీ ఏఎస్‌టీకి చెందిన ఆరు టన్నుల బ్లూబర్డ్ ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది, అలాంటివి ఏటా రెండు మూడు కావాలి. వీటన్నిటి ఫలితం ముందుగా కనబడేది విడిభాగాల కంపెనీల బాకీల రోజుల్లో. 150 ఉన్నవి 100కు దిగితే, అప్పుడు పెట్టుబడికి పెట్టుకున్న ఆ ఐదు శాతం హద్దును పెంచడం గురించి ఆలోచించవచ్చు.